డ్యూయల్ క్లచ్ కారు ట్రాఫిక్‌లో కుదుపుతోంది: గేర్‌బాక్సు పాడైనట్టేనా?

మీ టర్బో పెట్రోల్ కారు ఖాళీ రోడ్డు మీద బ్రహ్మాండంగా పోతోంది. ట్రాఫిక్‌లో పాకేటప్పుడు మాత్రం తలలు ముందుకూ వెనక్కూ ఊగేలా కుదుపుతోంది. గేర్‌బాక్సు పోయిందా అని అడిగారు. పోలేదు. నేనూ అలాంటి డ్యూయల్ క్లచ్ కారే, అంటే పెడల్ లేకుండా రెండు క్లచ్‌లనూ కంప్యూటరే నడిపే ఆటోమేటిక్ కారే నడుపుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. సర్వీసు కేంద్రంలో "దీని తీరే అంత సార్" అన్నప్పుడు మీకు ఒళ్లు మండి ఉంటుంది. నాకూ మండింది. కానీ ఆ మాట నిజమే. కొనేముందు చెప్పాల్సిన సంగతిని కొన్న తర్వాత చెప్పడమే అన్యాయం.

ఒక వర్షపు సాయంత్రం వంతెన ఎక్కే వాలులో ఇరుక్కుపోయాం. పక్క సీట్లో మా చిన్నాన్న. జీవితమంతా లారీలు నడిపిన మనిషి. ముందు బండి ఒక అడుగు జరిగితే నేనూ ఒక అడుగు జరపాలి. కారేమో మొదట కదలనంటుంది, ఇంకాస్త నొక్కితే ఉన్నట్టుండి ఉరుకుతుంది, కాలు తీయగానే ముక్కు కిందికి వాలుస్తుంది. ఆయన చేతిలోని సీసాలో నీళ్లు చొక్కా మీద ఒలికాయి. అయినా ఏమీ అనలేదు. కాసేపటికి గాలి వాసన చూసి, "క్లచ్ కాలుతోందిరా" అన్నాడు.

"దీనికి క్లచ్ పెడలే లేదు చిన్నాన్నా."

"పెడల్ లేకపోతే క్లచ్ లేనట్టా?"

ఆయన అన్నంతసేపు పట్టలేదు, గేర్‌బాక్సు వేడెక్కింది, బండి ఆపమంటూ డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగింది. ఎలాగో పక్కకు తీసి, పార్క్‌లో పెట్టి కూర్చున్నాం. వెనకవాళ్ల హారన్ల గురించి చెప్పక్కర్లేదు. హారన్ మోతకు గేర్‌బాక్సు చల్లబడుతుందని నమ్మేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఆ హడావుడిలో చిన్నాన్న తాపీగా తన లారీ పాఠం చెప్పాడు: "వాలులో బండిని సగం క్లచ్ మీద నిలబెట్టకూడదురా. బ్రేకు మీద నిలబెట్టు. చోటు దొరికాక కదులు." కారుతో ఇచ్చిన లావుపాటి పుస్తకంలోనూ ఈ ముక్క ఉంది, ఎవరూ తెరవని పేజీలో.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులోని నూనె తొట్రుపాటునంతా మింగేస్తుంది. డ్యూయల్ క్లచ్‌లో ఆ మెత్తదనం లేదు. బండి కదిలే ప్రతిసారీ కంప్యూటర్ మీ బదులు క్లచ్‌ను ఒరిపిస్తూ కలపాలి. వేగం బాగా తగ్గితే ఇంజిన్ ఆగిపోకుండా క్లచ్ విడదీస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు మళ్లీ కాలు నొక్కుతారు. అదే మీకు తగిలే కుదుపు.

ఇంకో చిక్కు ఉంది. బేసి గేర్లు ఒక క్లచ్‌కు, సరి గేర్లు రెండో క్లచ్‌కు ఉంటాయి. రెండో గేరులో పోతున్నప్పుడు తర్వాత రావలసింది ఒకటా మూడా అన్నది కంప్యూటర్ ముందే ఊహించి సిద్ధం చేసుకోవాలి. రెండూ బేసి వైపువే, ఒక్కటే పెట్టుకోగలదు. మీరు వేగం పెంచుతారనుకుని అది మూడు పెట్టుకుంటుంది, ముందువాడు బ్రేకు వేస్తాడు. దాన్ని తీసి ఒకటి వేసేలోగా ఆలస్యం, ఆ వెనకే కుదుపు. మైలేజీ కోసం తయారీదారులు తొందరపడి రెండో గేరు వేయించడం దీనికి తోడు. నన్నడిగితే అసలు నేరం అదే.

ఈ యంత్రం పాకడానికి పుట్టలేదు. పోర్షే 1980ల్లోనే దీన్ని రేసు కార్లలో పరీక్షించింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో వచ్చింది. మనం చేస్తున్నది పందెపు గుర్రాన్ని తెచ్చి గానుగకు కట్టడం. డ్యూయల్ క్లచ్‌తో ఎం5 అనే వేగపు కారు అమ్మిన బీఎండబ్ల్యూ కూడా 2017లో వచ్చిన కొత్త ఎం5లో టార్క్ కన్వర్టర్‌కే తిరిగి వెళ్లింది. అంత వేగమైన కారుకే అది చాలినప్పుడు, రోజూ ఆఫీసుకు పోయే మనకు ఈ రెండు క్లచ్‌ల గొప్ప ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు మీరు చేయగలిగింది చెబుతాను. ముందు బండికి అతుక్కోకండి. నిండుగా ఒక కారు పొడవంత చోటు దొరికేదాకా బ్రేకు గట్టిగా నొక్కి ఉంచండి. గట్టిగా నొక్కితే క్లచ్ పూర్తిగా విడుతుంది, పైపైన ఆనిస్తే ఒరుసుకుంటూనే ఉంటుంది. చోటు దొరికాక కాలు తటపటాయించకుండా కదలండి. మీరు వదిలిన ఖాళీలోకి ఎవడో ఒకడు దూరుతాడు. దూరనివ్వండి, వాడి క్లచ్ వాడి ఇష్టం. ఒకటికీ రెండుకూ మధ్య కారు ఊగిసలాడుతుంటే మాన్యువల్ మోడ్‌లో ఒకటో గేరులోనే ఉంచండి. స్పోర్ట్ మోడ్ ట్రాఫిక్‌లో వద్దే వద్దు. అందులో యాక్సిలరేటర్ ఇంకా దుడుకు. వాలులో యాక్సిలరేటర్ మీద బండిని నిలబెట్టకండి, కాలు తీసినా బ్రేకును పట్టి ఉంచే ఆటో హోల్డ్ ఉంటే వాడండి. ఎర్రదీపం దగ్గర ఇంజిన్‌ను ఆర్పే ఆ స్టార్ట్-స్టాప్‌ను నేను కారెక్కగానే ఆపేస్తాను. ఉన్న కుదుపులు చాలు, వాటి మీద దాని వడ్డీ కూడా ఎందుకు?

వేగంగా పోయేటప్పుడు కూడా కుదిపినా, ఇంజిన్ రొద పెరిగి బండి వేగం పెరగకపోయినా, వెనక్కి తీసేటప్పుడు గడగడలాడినా మాత్రం "దీని తీరే అంత" అన్న జవాబు ఒప్పుకోకండి. క్లచ్ అరుగుదల చూపించమనండి, క్లచ్ కలిసే చోటును కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించమనండి. అది వాళ్ల దగ్గరున్న పరికరంతో అయ్యే పనే. వారంటీ ఉండగానే ఫిర్యాదు కాగితం మీద రాయించుకోండి, నోటిమాట లెక్కలోకి రాదు.

ఇంకా కొనని వాళ్లు ఇది చదువుతుంటే, టెస్ట్ డ్రైవ్ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు అడగండి. అమ్మేవాడు "పొద్దున్నే రండి సార్, రోడ్డు ఖాళీగా ఉంటుంది" అంటాడు. అదెందుకో మీకు ఇప్పుడు తెలుసు.