సబ్‌నెట్ మాస్క్ ఒక నెట్‌వర్క్‌ను చిన్న సబ్‌నెట్లుగా ఎలా విడదీస్తుంది?

ఐపీవీ4 అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో ఒక పరికరాన్ని గుర్తించే సంఖ్య. అందులోని 32 బిట్లలో (ఒక్కో బిట్ 0 లేదా 1) ఎన్ని నెట్‌వర్క్‌వో, ఎన్ని అందులోని పరికరానివో సబ్‌నెట్ మాస్క్ చెబుతుంది. పరికరం వైపు బిట్లు కొన్ని తీసి నెట్‌వర్క్ వైపు కలిపితే, పెద్ద నెట్‌వర్క్ చిన్న సబ్‌నెట్లుగా విడిపోతుంది.

మాస్క్‌లో 1 ఉన్న చోటు నెట్‌వర్క్‌ది, 0 ఉన్న చోటు పరికరానిది. కంప్యూటర్ అడ్రస్‌నూ మాస్క్‌నూ బిట్‌కు బిట్ పోలుస్తుంది. రెండింట్లోనూ 1 ఉంటేనే ఫలితం 1. అలా వచ్చేదే సబ్‌నెట్ అడ్రస్.

192.168.1.0 నెట్‌వర్క్‌కు 255.255.255.0 మాస్క్ ఉంటే 256 అడ్రస్‌లూ ఒకే గుంపు. మాస్క్‌ను 255.255.255.192గా మారిస్తే (పొట్టిగా /26, అంటే 26 బిట్లు నెట్‌వర్క్‌వి) రెండు బిట్లు నెట్‌వర్క్ వైపు వెళ్తాయి. రెండు బిట్లతో నాలుగు కలయికలు, అందుకే నాలుగు సబ్‌నెట్లు. అవి చివరి సంఖ్య 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. ఒక్కోదానిలో 64 అడ్రస్‌లు. మొదటిది సబ్‌నెట్‌ను సూచించడానికి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు (సబ్‌నెట్‌లో అందరికీ ఒకేసారి పంపడానికి) పోగా పరికరాలకు 62 మిగులుతాయి.

ఇందులో 192.168.1.70 ఎక్కడుంది? చివరి సంఖ్య 70 బైనరీలో 01000110, మాస్క్ చివరి సంఖ్య 192 అయితే 11000000. పోలిస్తే 01000000, అంటే 64. కాబట్టి అది రెండో సబ్‌నెట్. బైనరీ చూసి టెన్షన్ పడక్కర్లేదు, ఈ ఒక్క లెక్క చేతితో వేస్తే విషయం పట్టుబడుతుంది.

చాలామంది మొదటి మూడు సంఖ్యలు కలిస్తే ఒకే నెట్‌వర్క్ అనుకుంటారు. 255.255.255.0 మాస్క్ ఉంటే అది నిజం, కానీ ప్రతి మాస్క్‌కూ కాదు. పై ఉదాహరణలో 192.168.1.50, 192.168.1.70 వేర్వేరు సబ్‌నెట్లలో ఉన్నాయి. వాటి మధ్య డేటా, నెట్‌వర్క్‌లను కలిపే రూటర్ ద్వారానే వెళ్లాలి.