గుమాస్తా బల్ల మీద పని పెట్టు

కడప

చిరంజీవికి,

నీ పోస్టాఫీసు కథ చదివాను. గుమాస్తా మూడు పేజీల పాటు జీతం చాలదని ఏడుస్తూనే ఉన్నాడు. పాపం అనిపించింది గానీ నమ్మబుద్ధి కాలేదు. అతను పొద్దస్తమానం చేసే పనేమిటో నువ్వెక్కడా చూపించలేదు మరి.

ముందు తారీఖుల సంగతి. కథ 1878 కరువులో, ‘అనంతపురం జిల్లా’లో నడిపావు. అప్పటికి ఆ జిల్లానే లేదు, అనంతపురం బళ్లారి జిల్లాలో ఉండేది. మనియార్డర్లూ అప్పట్లో ఖజానా నుంచే నడిచేవి, పోస్టాఫీసుకు వచ్చింది 1880లో. కథను 1883కి జరుపు, అప్పుడు చూడు నీ గుమాస్తా అవస్థ! 1879లో పావు అణా ఖరీదుకే పోస్టు కార్డు వచ్చింది. మరుసటేడు మనియార్డరు. 1882లో సేవింగ్స్ బ్యాంకు, అదే ఏడు అనంతపురం జిల్లా అయి కచేరీల తపాలా. ప్రతి పనితో పాటు ఒక కొత్త రిజిస్టరు వచ్చి బల్ల మీద పడుతుంది, కొత్త మనిషి మాత్రం రాడు. నీ కథ ఉన్నదక్కడ.

జీతం ఎంతో అంకె వెయ్యకు, సాయంత్రం లెక్క చూపించు. పగలంతా ఒక్కో రూపాయినీ మోగించి చూసి ఊరివాళ్లకు లెక్కపెట్టి ఇచ్చాడు. లాంతరు ముందు కూర్చుంటే ఆరణాలు తగ్గింది. మళ్లీ కూడాడు, మళ్లీ ఆరణాలే. లక్క కరిగించాలి, సంచికి ముద్ర వెయ్యాలి, గుమ్మంలో తపాలా సంచి మోసుకెళ్లే రన్నరు నిలబడి ఉన్నాడు. (అతని గజ్జెల మోత మాత్రం వద్దు, అందరూ వాయించేశారు.) చివరికి ఆ ఆరణాలు తన జేబులోంచి తీసి పెడతాడు. తియ్యడానికి ఎంతసేపు తటపటాయించాడో రాస్తే జీతమెంతో పాఠకుడికి తెలిసిపోతుంది.

పోస్టుమాస్టరును రాక్షసుణ్ణి చెయ్యకు. పైనుంచి తాఖీదు వస్తే ఆయనకూ టెన్షనే. ఇక చివర్లో ఆ సమ్మె జెండా బొత్తిగా కుదరదు. తపాలావాళ్లు దేశమంతటా సమ్మెకు దిగింది 1946 జూలైలో. 1883లో మనవాడి చేతిలో ఉన్నదల్లా అర్జీ. “మహారాజశ్రీ దొరవారి దివ్య సముఖమునకు” అంటూ వంగి వంగి రాసుకునే అర్జీ. అంత వినయం కింద కోపాన్ని ఎక్కడ దాచాడో నువ్వు పట్టుకోవాలి. అర్జీ మొత్తం కథలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

మొదటి పేజీలో ఎండ వర్ణన కొట్టెయ్. సిరాబుడ్డిలో సిరా ఎండిపోయిందంటే చాలు.

దసరాకు ఇటు వస్తావుగా, తిరగరాసింది పట్టుకురా.

ఆశీస్సులతో