ఎవర్‌గ్లేడ్స్‌కు ఒక్క రోజే కేటాయించగలిగితే?

జూలైలో అమ్మానాన్నలతో ఫ్లోరిడా వస్తున్నామని, అక్కడి చిత్తడి నేలల జాతీయ పార్కు ఎవర్‌గ్లేడ్స్‌లో ఎయిర్‌బోటు (వెనక పెద్ద ఫ్యానుతో నడిచే పడవ) ఎక్కితే సరిపోతుందా అని అడిగారు. వీలుంటే ముందుగా ప్రయాణం వేరే నెలకు మార్చుకోండి. మేమూ మొదటిసారి జూలైలోనే వెళ్లాము. పార్కు దక్షిణపు కొసన ఫ్లమింగో అనే చోటు ఉంది. పేరు పక్షిదే కానీ మాకు ఎదురొచ్చినవి దోమలు. పది నిమిషాల్లో కారెక్కి తలుపులు బిగించుకున్నాము.

దోమల సంగతి అలా ఉంచితే, వానాకాలంలో నీళ్లు అంతటా పరుచుకుని జంతువులు చెదిరిపోతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు నీళ్లు ఇంకుతూ ఉంటే, ఎలిగేటర్లు అనే మొసళ్లు తవ్వుకున్న గుంటల్లోనే మడుగులు మిగులుతాయి. చేపలన్నీ అక్కడికి, వాటి వెనకే కొంగలు. రెండోసారి ఫిబ్రవరిలో వెళ్లాము. హోమ్‌స్టెడ్ ఊరి వైపు ద్వారం దాటాక వచ్చే అన్‌హింగా ట్రెయిల్ అనే కాలిబాట మీదే సగం రోజు గడిచిపోయింది. మొత్తం నడిస్తే 1.3 కిలోమీటర్లు కూడా ఉండదు, చక్రాల కుర్చీ కూడా పోతుంది. పాములాంటి మెడ ఉన్న ఒక అన్‌హింగా పక్షి చేపను ముక్కుతో గుచ్చి పైకి తేలింది. గుచ్చుకున్న చేప ఊడి రాదు! కొమ్మకేసి కొట్టి, కొట్టి, చివరికి గాల్లోకి ఎగరేసి తల వైపు నుంచి మింగింది. దాని ఈకలు నీటికి తడిసిపోతాయి కాబట్టి ఆ తర్వాత రెక్కలు చాపి కూర్చుంది. "చీర ఆరేసినట్టుంది" అంది అమ్మ. ఎలిగేటర్లకు కనీసం 15 అడుగుల దూరం పాటించాలి. దేనికీ తిండి వేయకూడదు.

సైకిల్ తొక్కగలిగితే పార్కులోనే ఇంకో చోటైన షార్క్ వ్యాలీ కూడా బాగుంటుంది. 24 కిలోమీటర్ల చుట్టు, నీడ ఉండదు. పెద్దవాళ్లకు ట్రామ్ (కూర్చోబెట్టి తిప్పి చూపించే బండి) ఉంది. సగం దూరంలో ఉన్న బురుజు ఎక్కితే కనుచూపు మేరా గడ్డే. ఆ గడ్డి కింద నీళ్లు దక్షిణానికి మెల్లగా పారుతూనే ఉంటాయి. అన్‌హింగా ట్రెయిల్‌కూ షార్క్ వ్యాలీకీ మధ్య పార్కు లోపలి నుంచి దారి లేదు, బయటి నుంచి సుమారు గంట ప్రయాణం. ఒక్క రోజులో రెండూ పెట్టుకోకండి. ఎయిర్‌బోటు పిల్లలకు సరదాయే కానీ, ఆ చప్పుడుకు దగ్గరలో ఉన్న పిట్టలు లేచిపోతాయి.

అన్నట్టు, అన్‌హింగా ట్రెయిల్ దగ్గర కార్లకు టార్పాలిన్లు కప్పి ఉంటే ఎందుకో అనుకుని నవ్వుకున్నాము. తిరిగొచ్చేసరికి మా వైపర్ రబ్బరును ఒక రాబందు తాపీగా పీకుతోంది. ఆ టార్పాలిన్లు పార్కువాళ్లే ఉచితంగా ఇస్తారు, తప్పకుండా కప్పండి.