సెగ్రిగేషన్‌కు ‘వర్ణవివక్ష’ సరిపోతుందా?

సందేహం: అమెరికా బడులలో నల్లజాతి పిల్లలను వేరుగా ఉంచడంపై నడిచిన వ్యాజ్యాలను గురించి వ్యాసం రాస్తున్నాను. సెగ్రిగేషన్‌ను ‘వర్ణవివక్ష’ అనవచ్చునా? పబ్లిక్ స్కూల్ అన్న మాటను అలాగే ఉంచవచ్చునా?

సమాధానం: ఆనాటి పరిస్థితిని స్థూలంగా చెప్పేటప్పుడు ‘వివక్ష’ అనవచ్చును గాని, తీర్పులను వివరించేటప్పుడు ఆ మాట పనికిరాదు. వివక్ష ఒకరిని తక్కువగా చూడడం. సెగ్రిగేషన్ మనుషులను వేరువేరు చోట్ల ఉంచడం. వ్యాజ్యమంతా ఈ తేడా మీదనే నడిచింది. సదుపాయాలు సమానంగా ఉంటే వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1896లో ప్లెసీ కేసులో, అదీ రైలుపెట్టెల విషయంలో, అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు తమ బడులను దశాబ్దాల పాటు ఆ తీర్పు చాటునే నడిపాయి. తర్వాత కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా నుంచి బ్రౌన్ కేసు వచ్చింది. భవనాలలోను, పాఠ్యాంశాలలోను, ఉపాధ్యాయుల అర్హతలలోను రెండు రకాల బడులూ ఇంచుమించు సమానమేనని అక్కడి కింది కోర్టు తేల్చింది. కనుక, అన్నీ సమానంగా ఉన్నా జాతిని బట్టి పిల్లలను వేరుచేయడమే అసమానత అని నల్లజాతి కుటుంబాల తరఫు న్యాయవాది థర్‌గుడ్ మార్షల్, ఆయన సహచరులు వాదించారు. 1954 మే 17న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ వెలువరించిన ఏకగ్రీవ తీర్పు ఈ వాదాన్నే అంగీకరించింది. దాని సారాన్ని మీరు ‘వర్ణవివక్ష అసమానం’ అని రాస్తే, ఆ తీర్పు ఎందుకు గొప్పదో పాఠకునికి ఎన్నటికీ తెలియదు. ‘వేరుచేయడమే అసమానత’ అనండి.

‘వేర్పాటు’ దగ్గరి మాటే అయినా, ఈనాటి పాఠకునికి అది ప్రత్యేక దేశం కోరే వేర్పాటువాదాన్ని స్ఫురింపజేస్తుంది. ‘వర్ణం’ అనగానే మనకు చాతుర్వర్ణ్యం మనసులో మెదులుతుంది. ‘నల్లజాతి’ ఎలాగూ స్థిరపడింది కనుక ‘జాతి’ మేలు. ‘జాతిని బట్టి వేరుచేసిన బడులు’ అంటే పొడుగే గాని, అపార్థానికి తావుండదు.

పబ్లిక్ స్కూల్‌ను అలాగే ఉంచకండి. హైదరాబాదు పబ్లిక్ స్కూల్ పేరు విన్న తెలుగువారు దానిని ఫీజు కట్టి చదివే బడి అనుకుంటారు. అమెరికాలో అది ప్రభుత్వ పాఠశాల.

డీసెగ్రిగేషన్‌ను, ఇంటిగ్రేషన్‌ను కూడా ఒక్కటి చేయవద్దు. మొదటిది వేరుచేసే నియమాన్ని రద్దుచేయడం, రెండవది పిల్లలను నిజంగా ఒకే బడిలో కలపడం. నియమం పోయినంత మాత్రాన పిల్లలు కలవలేదు: వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ, కలపవలసి వస్తుందని, 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ పాఠశాలలనే మూసివేసింది. అందువల్ల మొదటిదానికి ‘వేరుచేత రద్దు’ అని, రెండవదానికి ‘కలిపి చదివించడం’ అని రాయండి.