ఆడియో ఎందుకు చెరిపేశావబ్బీ?

అబ్బీ,

నీ వ్యాసం చదివాను. పన్నెండు పేజీలూ చదివాను. బాగుంది, ఆ హార్మోనిస్టు వేళ్ళ మీద రాసిన పేరా మరీ బాగుంది. ఇక అసలు సంగతికి వస్తా. వ్యాసంతో పంపిన ఉత్తరంలో చివరన ఒక ముక్క రాశావు చూడు, "ఫోన్లో స్పేస్ లేక, అంతా రాసుకున్నాక రికార్డింగు డిలీట్ చేశాను సార్" అని. అది చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, బయట అరుగు మీద పోయి కూర్చున్నాను. బీపీ మాత్ర వేసుకోలేదా అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది.

ఎనభై నాలుగేళ్ళ మనిషి. కర్నూలు పాతబస్తీలో పద్యనాటకాలకు అరవై ఏళ్ళు హార్మోనియం పెట్టె వాయించినాయన. రెండున్నర గంటలు నీ ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ గొంతు తీసేసి, ఆ జాగాలో ఏం పెట్టుకున్నావు? పెళ్ళి వీడియోలా?

ఇప్పుడు నీ దగ్గర మిగిలింది ఆయన చెప్పినదాంట్లో నీకు అర్థమైనంత మాత్రమే. "మైకులు వచ్చాక శృతి దిగింది అని ఆయన అభిప్రాయపడ్డారు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోయావు. నిధి మీద కాలేసి దాటుకుంటూ పోయావబ్బీ! మైకు లేని రోజుల్లో ఆఖరి వరుసలో చాప మీద కూర్చున్నవాడికి పద్యం వినబడాలంటే గొంతు ఎత్తాల్సిందే, ఐదున్నర శృతిలో పాడేవాళ్ళని మా పెద్దలు చెప్పుకునేవాళ్ళు. ఎంత నుంచి ఎంతకు దిగింది? దిగినాక ఆయన వేళ్ళు ఏ మెట్ల మీదికి మారాయి? పెట్టె ముందుకు జరిపి "అప్పటి శృతిలో ఒకసారి, ఇప్పటి శృతిలో ఒకసారి ఆ రాగం వినిపించు తాతా" అంటే రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ ఉండుంటే నీ పన్నెండు పేజీలు లేకపోయినా నాకు ఫర్వాలేదు.

తాళ్ళపాక మనకెంత దూరం? అన్నమయ్య పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. వందల ఏళ్ళ తర్వాత రేకులు బయటికొస్తే అక్షరం చదవడానికి వచ్చింది, పాట పైన రాగం పేరు కూడా ఉంది. ఎట్లా పాడారో మాత్రం లేదు. అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి విద్వాంసులు కూర్చుని మళ్ళీ వరసలు కట్టాల్సి వచ్చింది. గొప్పగా కట్టారు, కాదనను. కానీ తాళ్ళపాక వాళ్ళ గొంతు ఎట్లా ఉండేదో ఇంక ఎవరూ చెప్పలేరు. పాపం వాళ్ళకు మెషీన్ లేదు. నీ జేబులో ఉండింది కదా.

ఇంకోటి. "రాజధాని పోయిన ఏడు మా నాయన పోయినాడు" అన్నాడట ఆయన. ఆ మాట నీ నోట్సులో ఉంది. వ్యాసంలో "1956లో తండ్రి మరణించారు" అయ్యింది. కర్నూలోళ్ళ క్యాలెండరే అది, నీకు తెలియనిదా? రాజధాని ఉన్నప్పుడు, నీళ్ళు వచ్చినప్పుడు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాం, డేరాల్లో ఆఫీసులు నడిచాయి, మూడేళ్ళకు అదీ లేదు. ఆ పిల్లోడికి తండ్రి పోవడం, ఊరికి కళ పోవడం ఒకటే ఏడు అయి గుర్తుండిపోయింది. నువ్వు అంకె వేసి ఆ ముడి విప్పేశావు. అంకె కావాలంటే పేజీ కింద వేసుకో, పైన ఆయన మాట ఉండనీ. ఆయన ఏడు తప్పు చెప్పినా సరే, పైన ఉండనీ.

ఈ నీటు చేసే పనంటే నాకు ఒళ్ళు మంట, దానికో కథ ఉంది. ముప్పై ఏళ్ళ కిందట పత్తికొండ వైపు ఒక గొరవయ్య దగ్గర, అదే శివుడి పేరు మీద ఆడుతూ పాడుతూ తిరిగే ఆయన దగ్గర, మూడు రోజులు ఉన్నాను. ఎలుగ్గొడ్డు తోలు టోపీ, చేతిలో డమరుకం, పిల్లనగ్రోవి, మాట చూస్తే గుండు దెబ్బ. ఆయన మాటలు ఆయన యాసలోనే రాసి ఒక మాసపత్రికకు పంపాను. ఎడిటరు గారు "పాఠకుల సౌకర్యార్థం" ప్రతి "యాడ"నూ "ఎక్కడ" చేసి, "సచ్చినాడు" అన్నచోట "స్వర్గస్థులయ్యారు" అని పెట్టారు. మనవడు చదివి వినిపిస్తే ముసలాయన అంతా విని, "బాగా మాట్లాడినాడప్పా, ఎవురీయన, కోస్తాయనా?" అన్నాడు. ఇప్పుడు ఎడిటర్ల పని రీల్సు వాళ్ళు ఎత్తుకున్నారు. ముసలాయన ముప్పై సెకన్లు, వెనక ఏడుపు మ్యూజిక్కు, పైన "మట్టిలో మాణిక్యం" అని అక్షరాలు. ఆయన పేరు ఉండదు, ఊరు ఉండదు. నీ వ్యాసంలోనూ "మరుగున పడిన ఆణిముత్యం" రెండుచోట్ల ఉంది, కొట్టేయ్.

నేనేదో జాగ్రత్త మనిషిననుకునేవు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్ళోకొచ్చినప్పుడు మేము అమ్మను, గ్యాస్ సిలిండరును, పిల్లల సర్టిఫికెట్లను మిద్దె మీదికి చేర్చాం. మంచం కింద ట్రంకు పెట్టె మరిచిపోయాను. ముప్పై ఏడు క్యాసెట్లు. నీళ్ళు తీసినాక పెట్టె తెరిస్తే నల్లటి బురద, అందులో క్యాసెట్లు. కడిగి మిద్దె మీద వడియాల్లాగ ఆరబోశాం. ఆరిన టేపును లాగితే పొరకు పొర అంటుకుని, గోధుమరంగు పొడి వేళ్ళకు అంటింది. ఆ పొడే పాట. హైదరాబాదులో ఒకాయన నెల రోజులు కుస్తీ పట్టి ఒక క్యాసెట్ నుంచి పదకొండు నిమిషాలు తీసిచ్చాడు. అందులో నాలుగు నిమిషాలు నా తెలివితక్కువ ప్రశ్నలు, కుక్కరు విజిళ్ళు. తర్వాత నాగస్వరం ముసలాయన "ఆగు, నీళ్ళు తాగుతా" అంటాడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా ఉంది. పాట మొదలయ్యేలోపు టేపు అయిపోతుంది.

అందుకే చెప్తున్నా, మూడు కాపీలు పెట్టుకో, అందులో ఒకటి మన తుంగభద్ర, హంద్రీ అందుకోలేని ఊళ్ళో, నంద్యాలలో మీ అక్క ఇంట్లోనో ఎక్కడో ఉండాలి. వేవ్ ఫైలుగా (గొంతును కుదించని రకం) దాచు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపి అదే కాపీ అనుకోవద్దు, అది గొంతును పిండేస్తుంది. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచు, ఫ్యాను ఆపు (వైశాఖంలో ఆపలేవులే, ఉదయం పూట పో). మొదట తేదీ, చోటు, గదిలో ఎవరెవరున్నారో నీ నోటితో చెప్పు. ఇది ఎవరెవరు వినొచ్చో ఆయన చేతే చెప్పించి అదీ రికార్డు చెయ్. ఆయన ఆగితే నువ్వూ ఆగు. ప్రశ్న మీద ప్రశ్న వేసి ఖాళీ నింపొద్దు, చాలాసార్లు ఆ ఆగినదాని తర్వాతే అసలు మాట వస్తుంది.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. అది తర్వాత చూద్దాం.

ఈ ఆదివారమే మళ్ళీ పో. తప్పు చేశానని చెప్పు, ఆయన నవ్వుతాడు. ఈసారి ఒట్టి చేతులతో పోవద్దు, పావుకిలో మైసూర్‌పాక్ తీసుకుపో, షుగరు ఉందేమో ముందు కనుక్కో. తొమ్మిదో పేజీలో "మధ్యలో ఆయన భార్య అడ్డు తగలడంతో సంభాషణకు అంతరాయం కలిగింది" అని రాశావు. ఆ నాటకం ఆడింది బుధవారపేటలో కాదు, సంకల్‌బాగ్‌లో అని వంటింట్లోంచి సరిచేసింది ఆమే కదా? ఆరోజు పెట్టె మోసుకుపోయిన కూలీకి ఎంతిచ్చారో కూడా ఆమెకే గుర్తుంది. పన్నెండు పేజీల్లో ఆమె పేరు ఎక్కడా లేదు. ఫోను ఆమె ముందు పెట్టి, ముందు అది అడుగు.