పటాల్లో యేసు తెల్లదొరలా ఎందుకుంటాడు?

యేసు యూదుడు కదా, మన ఇళ్లలోని పటాల్లో తెల్లదొరలా ఎందుకుంటాడు, మనవాళ్లు మనలా ఎందుకు గీసుకోలేదు అని అడిగారు. మాది మెదక్ వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టెంట్ సంఘం) కుటుంబం. నేను చూసినంతలో చెబుతాను.

సువార్తల్లో యేసు ఒంటి రంగు గురించి ఒక్క ముక్క కూడా లేదు. అందుకని ఎవరి చుట్టూ ఎలాంటి మనుషులుంటే వాళ్లు అలాగే గీశారు. రోమ్‌లో నేలకింది సమాధుల గోడల మీద గడ్డం లేని కుర్ర గొర్రెల కాపరి. ఇథియోపియా పటాల్లో పెద్ద కళ్లతో చామనఛాయ మనిషి. మా హాల్లో ఉన్నది వార్నర్ సాల్మన్ అనే అమెరికన్ 1940లో వేసిన బొమ్మ. భుజాల దాకా గోధుమరంగు జుట్టు, పక్కకు తిరిగిన ముఖం. 50 కోట్ల పైగా కాపీలు అచ్చయ్యాయంటారు. మా నానమ్మ దృష్టిలో అదే అసలు ఫోటో, వేరేలా గీస్తే "ఈయనెవరు?" అనేది. మెదక్ చర్చిలో రంగుటద్దాల బొమ్మలూ ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవే.

క్రైస్తవాన్ని మన పద్ధతిలో చూపే ప్రయత్నాలు జరగలేదని కాదు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య డోర్నకల్‌లో కట్టించిన చర్చి 1939లో పూర్తయింది. గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలో ఉండేలాంటి స్తంభాలు. నాకైతే మెదక్ కంటే అదే నచ్చుతుంది. అయినా ఆ పద్ధతి మన పల్లె చర్చిల్లోకి పెద్దగా పాకలేదు. కారణం కులమేనని నా అభిప్రాయం. ఈ ప్రాంతాల్లో క్రైస్తవంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగలు. మా తాతల్ని గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు. అలాంటివాళ్లకు గుడి స్తంభం చూపించి "ఇదీ మన సంస్కృతి" అంటే ఎలా ఎక్కుతుంది? ఊళ్లో ఏ పెద్దకులపోడి పోలికా లేని దేవుడు ఇంట్లో ఉంటే వాళ్లకు అదో ధైర్యం.

ఇక విజయవాడలో కేథలిక్కుల పుణ్యక్షేత్రం గుణదల సంగతి వేరు. అక్కడి మరియమ్మది ఫ్రాన్స్‌లోని లూర్దు మాత రూపమే, తెల్లంగీ, నీలి నడికట్టు. ఫిబ్రవరి తిరునాళ్లకు వెళ్లి చూడండి: కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలిస్తారు. అది చూసి మా సీఎస్ఐ వాళ్లు మూతి విరుస్తారు గానీ, మా ఊళ్లో డప్పు, కోలాటం లేకుండా క్రిస్మస్ ఎప్పుడు జరిగిందని!