బూత్‌లో కూర్చోబోయే అబ్బాయికి

చిరంజీవి చిన్నబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే సార్వత్రిక ఎన్నికల్లో మన బూత్‌కి ఏజెంటుగా నిన్ను కూర్చోబెడతామన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ కుర్చీలో నేను ఆరుసార్లు కూర్చున్నాను. టైముండగానే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు అవతలి పార్టీ ఏజెంటు ఎవరో కనుక్కుని వాళ్లింటికి వెళ్లు. కాఫీ తాగి, నంబరు తీసుకో. మనవాళ్లు గొణుగుతారు, గొణగనీ. రాత్రి పదింటికి గ్రూపులో "ఫలానా పేటలో మనవాళ్లని కొట్టారట" అని వస్తే, నిజమో కాదో రెండు నిమిషాల్లో తేల్చేది ఆ నంబరే. 2022 మే 24న అమలాపురం చూశావుగా. కోనసీమ జిల్లా పేరు మార్పు మీద మొదలైన గొడవ మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేదాకా పోయింది. కేసుల్లో ఇరుక్కున్నది నీ వయసు కుర్రాళ్లే. అలాంటి కేసుంటే, గల్ఫ్ వెళ్దామన్నా పాస్‌పోర్ట్ ఎంక్వైరీ దగ్గర అడ్డం పడుతుంది.

పోలింగ్ రోజు, ఓటింగ్ మొదలవడానికి గంటన్నర ముందే మాక్ పోల్‌కి, అంటే ఉత్తుత్తి ఓట్లతో మిషను పరీక్షించి చూపించే చోట, ఉండాలి. కనీసం 50 ఓట్లు వేయిస్తారు. అవి చెరిపేశారో లేదో, వీవీప్యాట్‌లో స్లిప్పులు తీసేశారో లేదో నీ కళ్లతో చూడు. ఎంపీ మిషను, ఎమ్మెల్యే మిషను, రెండూ చూడు. సీలు నంబర్లు రాసుకో. సాయంత్రం 17సి ఫారం, అంటే బూత్‌లో పడిన ఓట్ల లెక్క, కాపీ చేతికొచ్చేదాకా లేవకు. "మిషన్లు మార్చేశారు" అని ఎవడైనా అరిచి జనాన్ని పోగేస్తే, నీ జేబులో అంకె ఉంటుంది. దొంగ ఓటని అనుమానమొస్తే 2 రూపాయలు కట్టి ప్రిసైడింగ్ ఆఫీసర్ దగ్గర ఛాలెంజ్ చెయ్యి, నోరు పెంచకు.

నాకు అసలు భయం ఆ తర్వాతే. 2024లో మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. పల్నాడు, తాడిపత్రి, తిరుపతి వైపు జరిగిన గొడవలు చూసి, లెక్కింపయ్యాక కూడా 15 రోజులు కేంద్ర బలగాలని రాష్ట్రంలోనే ఉంచారు.

నీకెప్పుడూ చెప్పలేదు. ఒకసారి మనం గెలిచాం. మనవాళ్లు ఊరేగింపుని సరిగ్గా ఓడిన ఏజెంటు గుమ్మం ముందు ఆపి టపాకాయల దండ అంటించారు. రవ్వ ఎగిరి ఆయన గడ్డిమేటు మీద పడింది. ఆయన ఒక్కడే కత్తితో గేదెల పలుపులు కోస్తూ, దగ్గుతూ, వాటిని వీధిలోకి లాగుతున్నాడు. నేను ట్రాక్టర్ మీద నిలబడి చూశాను. దిగలేదు. ఆ సార్వాకి లాకులెత్తినప్పుడు బోదె (పొలం పిల్లకాలువ) మీద ఆయన చేను ఎగువన, మనది శివారు. వంతు నీళ్ల దగ్గర పారలతో ఎదురుబొదురు నిలబడ్డాం. మూడేళ్లు ఆయన నా వైపు చూడలేదు. తప్పు నాదే.

అందుకని ఊరేగింపు ఏ దారిన వెళ్లాలో పోలింగ్‌కి ముందే పెద్దలతో కూర్చుని ఒప్పించు. కాలువ గట్టు మీంచి గుడి దాకా చాలు, ఓడినవాళ్ల వీధిలోకి వద్దు. ట్రాక్టర్ మీద ముందు నువ్వే నిలబడు. ఎవడైనా బండి ఆపమంటే దిగి స్టీరింగ్ దగ్గరికి వెళ్లు. మనం ఓడితే మన కుర్రాళ్లని ఆ పూట రోడ్డెక్కనివ్వకు.

అటువైపు ఈసారి కూర్చునేది ఆయన కొడుకేనట. నెలాఖరుకి వస్తున్నాను. వాళ్లింటికి నువ్వొక్కడివే వెళ్లకు, నేనూ వస్తాను.

మీ పెదనాన్న